ఐదు పిడికిళ్ల బియ్యం

శుక్రవారం పొద్దున ఆరింటికే సంగీత ఇంట్లో కాలు పెట్టడానికి చోటు లేదు. గిన్నెల సంచులు, పరుపు చుట్టలు, నిన్న రాత్రే ఊడదీసిన ఫ్యాన్లు. వాటి మధ్య సంగీత కొప్పు చుట్టుకుంటూ, అట్టపెట్టెలు దాటుకుంటూ తనలో తానే నవ్వుతోంది. ముప్పై మూడేళ్ల మనిషి అలా నవ్వుతుంటే పదేళ్ల కూతురు భావనకు సిగ్గేసింది.

"ఎందుకు నవ్వుతున్నవ్ మమ్మీ?"

"ఊకెనే!"

ఊరికే ఏం కాదు. ఇవాళ పదకొండు ఇరవైకి గృహప్రవేశం. బాన్సువాడ బస్టాండు వెనక గల్లీలో, గంగమణి అవ్వ ఇంటి ముందు వాటాలో తొమ్మిదేళ్లు కిరాయికి ఉన్నాక, ఊరి చివర రెండు గదులూ ఒక వరండాతో సొంతిల్లు లేచింది. మేకు కొట్టాలంటే ఎవరినీ అడగనక్కర్లేని ఇల్లు! ఏ గోడకు ఎక్కడ మేకు కొట్టాలో సంగీత పునాది రోజే అనుకుని పెట్టుకుంది.

ఒక్కటే తక్కువ. ఇంటికి ముందు తలుపు లేదు. ద్వారబంధం నిలబెట్టారు కానీ టేకు తలుపులు వడ్రంగి నర్సింలు దుకాణంలోనే ఉన్నాయి. మిగతా పాతికవేలు చేతిలో పడితే గంటలో బిగిస్తానన్నాడు నర్సింలు. ఆ పాతికవేలకు దారి కూడా ఉంది. ఈ ఇంట్లో దిగిన రోజు కట్టిన అడ్వాన్స్ ముప్పైవేలు గంగమణి అవ్వ దగ్గరే ఉన్నాయి. బుధవారం అడిగితే, "రేపు ఇస్త బిడ్డా" అంది. ఆ రేపు నిన్ననే గడిచిపోయింది.

"నిన్న అడిగినవా, లేదా?" అన్నాడు మహిపాల్ మంచం పట్టీలు విప్పుతూ. అతను ట్రాక్టర్ల షెడ్డులో మెకానిక్. చేతులు ఎంత చురుకో, అడగాల్సిన చోట నోరు అంత మొద్దు. అడగడాలన్నీ భార్య వంతే.

"ఎట్లడుగుత? ఒడి నింపుతున్న మనిషిని నా పైసలియ్యి అంటరా ఎవలన్న?"

నిజమే, నిన్న సాయంత్రం అది అడిగే సమయం కాదు. కొత్తింట్లోకి పోయే ఆడబిడ్డకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. సంగీత తల్లి పోయి నాలుగేళ్లయింది, అన్న గల్ఫ్‌లో ఉన్నాడు. ఆ మాట ఎవరూ ఎత్తకపోతే బాగుండునని సంగీత అనుకుంటుంటే, వెనక వాటాలోంచి గంగమణి అవ్వ కొత్త చీర పట్టుకొచ్చి పీట వేసి కూర్చోబెట్టింది. పసుపు కలిపిన ఐదు సేర్ల బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, మడిచిన జాకెట్ గుడ్డ, అన్నీ ఒళ్లో పోసింది. "అన్ని పెట్టిన బిడ్డా, పోయి సూసుకో" అంది. సంగీతకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ ఒళ్లో పోసినవన్నీ అలాగే తువ్వాలలో ముడేసి తెచ్చి దేవుడి పటాల పక్కన పెట్టుకుంది.

"ఇయ్యాల శుక్రవారం" అని నెమ్మదిగా గుర్తుచేశాడు మహిపాల్.

శుక్రవారం గంగమణి అవ్వ గడప దాటి రూపాయి బయటికి పోదు. చిల్లర అడిగినా రేపు రమ్మంటుంది. తొమ్మిదేళ్లలో ఆ పట్టింపు సంగీతకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వెనక వాటాకు పరుగెత్తింది. తాళం వేసి ఉంది.

తిరిగొచ్చేసరికి ముందు గేటు దగ్గర బైకు ఆగింది. అవ్వ కొడుకు నగేశ్. నిజామాబాద్‌లో ఆఫీసు ఉద్యోగం. ఇల్లు అప్పజెప్పించుకోవడానికి పొద్దున్నే వచ్చాడు. రావడంతోనే ఫోన్ లైటు వేసుకుని గోడలు చూడడం మొదలుపెట్టాడు.

"అక్కా, పదిహేడు మేకులున్నయి."

"తొమ్మిదేండ్లకు పదిహేడే తమ్మీ. ఏడాదికి రెండు గుడ పడలే."

"వంటింట్ల బండ పగిలింది."

"మేం దిగిననాడే పగిలున్నది. అవ్వనే చెప్తది. ఏది అవ్వ?"

"తెల్వదు. నేనొచ్చేసరికి తాళమే ఉన్నది."

"సరే తమ్మీ, గా అడ్వాన్స్ నువ్వన్న ఇయ్యి. వడ్ల నర్సింలు తలుపులు పట్టుకోని కాసుకోని కూసున్నడు. టైము పోతున్నది."

నగేశ్ లైటు ఆర్పి ఆమె వంక వింతగా చూశాడు. "అడ్వాన్సా? నిన్ననే ఇచ్చిన అన్నది గద అవ్వ? రాత్రి ఫోన్ల చెప్పింది."

"ఎవలకిచ్చింది?"

"నీకే!"

మహిపాల్ చేతిలో స్పానర్ కింద పడింది. భావన తల్లి కొంగు పట్టుకుంది.

"ముప్పైవేలు నా చేతిల పెడితే నాకు తెల్వదా?" సంగీత గొంతు లేచింది. "నేనేమన్న పిచ్చిదాన్నా?"

"మా అవ్వ అబద్ధమాడుతదా మరి?"

"నేనాడుతున్ననా?"

నగేశ్ తల్లికి ఫోన్ చేశాడు. తాళం వేసిన వెనక గదిలోంచి ఫోన్ మోగింది. రెండోసారి చేసినా అక్కడే మోగింది. ఎదురింటివాళ్లు చెంబులు, చీపుర్లు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేశారు. గడియారం ఎనిమిదిన్నర దాటింది. నర్సింలు నుంచి మహిపాల్‌కు మూడో ఫోన్ వచ్చింది.

సంగీతకు కళ్ల ముందు తలుపు లేని ఇల్లే కనబడుతోంది. పిలుచుకున్న చుట్టాలు, పొయ్యి మీద పాలు, బోసిగా నోరు తెరుచుకున్న ద్వారం. ఎన్నేళ్లు ఎదురుచూసిన రోజు! పొద్దుటి నవ్వంతా కోపమై నెత్తికెక్కింది.

"తొమ్మిదేండ్లల్ల ఒక్క నెల కిరాయి ఆపలే" అని అరిచింది. "ఆమెకు జరమొస్తే దవాఖానకు తీస్కపోయింది నేను. గసువంటి నాకు గింత మోసమా? ఇప్పుడు తెలిసింది తమ్మీ, మీ అవ్వ నిన్న ఒడిబియ్యం ఎందుకు పోసిందో. పైసలడగకుంట నా నోరు మూసెతందుకు పోసింది!"

ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి గేటు చప్పుడైంది.

గంగమణి అవ్వ నిలబడి ఉంది. చేతిలో స్టీలు క్యాను, చీర అంచుకు మట్టి, నుదుటి మీద చెమట. తెల్లారకముందే ఆటో ఎక్కి తాడ్కోల్ పోయి, తెలిసినవాళ్ల ఇంట్లో ఆవు పిండేదాకా కూర్చుని, కొత్తింట్లో పొంగించడానికి పాలు పట్టుకొచ్చింది.

అవ్వ క్యాను మెట్టు మీద దించి, కొంగుతో మొహం తుడుచుకుని సంగీతనే చూసింది.

"ముడి ఇప్పలేదా బిడ్డా?"

"ఏం ముడి?"

"ఒడిబియ్యం ముడి. జాకెట్ గుడ్డ మడతల పెట్టిన పైసలు. అన్ని పెట్టిన, సూసుకో అన్న గద?"

సంగీత పటాల పక్కనున్న మూట వైపు చూసింది. నిన్న ఎలా పెట్టిందో అలాగే ఉంది.

"మా కోటగిరి దిక్కు ఒడిబియ్యం పోసిన ఇంట్ల ఇప్పరవ్వా" అంది. "పోయే ఇంట్లనే ఇప్పాలె అనేది మా అమ్మ. అందుకే ముట్టలే. కొత్తింట్ల ఇప్పి, గవే తొలిసారి వండుదామనుకున్న."

"మా జుక్కల్ దిక్కు పోసిన్నాడే ఇప్పి సూస్తరు. తెల్లారిదాక ఆగేటోళ్లు ఎవలుంటరు?" అంది అవ్వ. "ఇయ్యాల శుక్రవారం. పైసలు బయటికియ్యరాదు. అందుకే నిన్ననే ఇచ్చిన."

"చేతికియ్యచ్చు గదనే అవ్వా!" అన్నాడు నగేశ్ తల పట్టుకుని.

"చేతికిస్తే కిరాయిదార్లకు ఇచ్చినట్టుంటది. ఒడిల పెడితే బిడ్డకు పెట్టినట్టుంటది. నాకు ఆడపిల్లలు లేరాయె. నాకెప్పుడన్న ఒడి నింపే మోక వచ్చిందా?"

సంగీత ఆమె కాళ్ల మీద పడిపోయింది. "నా నోట్ల మన్ను పడ! తప్పయింది అవ్వా. ఎంత మాటన్న నిన్ను! కొట్టు నన్ను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వకు కోపం రాలేదని కాదు. వచ్చింది, కళ్లలో కనిపించింది కూడా. కానీ పాదాల మీద తడి తగిలేసరికి ఆమె చెయ్యి సంగీత తల మీదకు వెళ్లింది.

"లే. తిట్టుకునేది సాయంత్రం తిట్టుకుందం. పాలు ఇరుగుతయి."

"నగేశ్ ముందట్నే ఇప్పి చూపిద్దమా?" అన్నాడు మహిపాల్ మూట వైపు వంగి.

"ముట్టకు!" అవ్వ, సంగీత ఒక్కసారే అరిచారు. తర్వాత ఒకరినొకరు చూసుకుని, ఆ ఏడుపు మొహాలతోనే ఫక్కున నవ్వారు.

"వాళ్లమ్మ చెప్పినట్టే కానియ్యి. ఆటో పిలువు" అంది అవ్వ.

ఇక చూడాలి ఆ హడావిడి. నర్సింలుకు ఫోన్, ట్రాలీ ఆటోలో తలుపులు, ఇంకో ఆటోలో మూట ఒళ్లో పెట్టుకున్న సంగీత, క్యాను పట్టుకున్న అవ్వ, మధ్యలో ఇరుక్కుని కిలకిలమంటున్న భావన. పదిహేడు మేకులు లెక్కపెట్టిన నగేశే బైకు ముందు పెట్టి రోడ్డంతా హారన్ కొడుతూ దారి చేశాడు.

కొత్తింటి వరండాలో చాప వేసి సంగీత ముడి విప్పింది. జాకెట్ గుడ్డ మడతలో ముప్పైవేలు ఉన్నాయి. మేకులకని, బండకని ఒక్క రూపాయి తగ్గలేదు. నోట్లన్నీ పసుపు అంటుకుని పచ్చబడ్డాయి. పాతికవేలు అందుకుని నర్సింలు తన వేళ్ల వంక చూసుకున్నాడు.

"నా పైసలకు గుడ పెండ్లయిందా ఏంది?"

"అవ్వా, శుక్రవారం గదా, ఇయ్యొచ్చా?" అంది సంగీత భయపడుతూ.

"తలుపు లేని ఇంటికి శుక్రవారమేంది? ఇయ్యి, ఇయ్యి. తలుపు పడ్డంక అడుగు, అప్పుడు చెప్త."

పదకొండు దాటి పది నిమిషాలకు తలుపులు ద్వారానికి కూర్చున్నాయి. మహిపాల్ రెండుసార్లు మూసి, రెండుసార్లు తెరిచి, మళ్లీ ఒకసారి ఊరికే మూశాడు. పదకొండు ఇరవైకి కుడికాలు పెట్టారు. తాడ్కోల్ పాలు పొంగి పొయ్యి మీదుగా పారాయి. భావన చప్పట్లు కొట్టింది.

అందరూ పొయ్యి చుట్టూ ఉండగా సంగీత బియ్యం మూట దగ్గర కూర్చుని అవ్వను పిలిచింది.

"కొంగు పట్టవ్వా."

"నాకెందుకే?"

"ఒడిబియ్యం పోసుకున్న బిడ్డ ఐదు పిడికిళ్లు తల్లిగారింటికి తిరిగి ఇయ్యాలె. అప్పుడే మల్లీ వస్తదని లెక్క. నిన్న ఏడ్సుకుంట మరిచిపోయిన."

గంగమణి అవ్వ కొంగు పట్టింది. సంగీత ఒక్కో పిడికిలీ నింపి పోసింది. ఐదోది పోస్తుంటే అవ్వ కన్నీళ్లు ఆ పసుపు బియ్యంలో పడ్డాయి. ఆమె తుడుచుకోలేదు. కొంగు చివరలు దగ్గరికి తీసి గట్టిగా ముడేసుకుంది.

"నగేశూ, ముందు వాటా అంత కిరాయికిస్తమని బోర్డు పెట్టకురా" అంది కొడుకు వైపు తిరిగి. "ఓ అర్ర ఆపి పెట్టు. దసరాకు నా బిడ్డ వస్తది."