కాగితాలు తినే మేక

“నాన్నా, మేక మళ్లీ అలిగింది!”

వసపిట్ట కేక విని నాన్న టీ కప్పుతోనే ముందు గదిలోకి వచ్చాడు.

మేక అంటే నిజం మేక కాదు. కాగితాలు ముక్కలు చేసే మిషన్. షాపువాళ్లు దాన్ని ష్రెడ్డర్ అంటారు. కాగితం దొరికితే చాలు కరకర నమిలేస్తుంది కాబట్టి ఈ ఇంట్లో దాని పేరు మేక. ఆ పేరు పెట్టింది వసపిట్టే.

వసపిట్ట కూడా అసలు పేరు కాదు లెండి. పొద్దున లేచింది మొదలు వాగుతూనే ఉంటుందని అమ్మమ్మ అలా పిలిచేది. చీమలకి జలుబు చేస్తుందా? నీడకి చెమట పడుతుందా? కళ్లజోడు పెట్టుకుని పడుకుంటే కలలు బాగా కనిపిస్తాయా? ఆ నోటికి సెలవంటూ లేదు.

మిషన్ మీద ఎర్ర లైటు వెలుగుతోంది.

“అలగలేదు, వేడెక్కింది. ఎంతసేపని మేపుతావు? వదిలెయ్, చల్లబడితే లైటు అదే ఆరిపోతుంది,” అన్నాడు నాన్న.

నాన్నకి కళ్లజోళ్ల షాపు ఉంది. ఆవగింజంత మరలతో పని చేసీ చేసీ, ఏ వస్తువునైనా పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటాడు. వారానికోసారి ఒక పాత కాగితం మీద నూనె చుక్కలు వేసి, దాన్ని మేక నోట్లో పెడతాడు. కాగితంతో పాటు నూనె లోపలికి వెళ్లి పళ్లకి అంటుతుంది.

“పిన్నులు తీసి వెయ్యాలి. గుప్పెడు గుప్పెడు కుక్కకూడదు. లోపల చెయ్యి పెట్టాల్సొస్తే ముందు ప్లగ్ పీకాలి. అన్నిటికంటే ముఖ్యం, నేను లేనప్పుడు దీని జోలికి పోకు. జడ కొస ఇరుక్కుందంటే ఇంతే సంగతులు.” ఇలా చెప్పి నాన్న షాపుకి వెళ్లిపోయాడు.

ఈ మేక ఇంటికి రావడానికి ఒక ఫోన్ కారణం.

అమ్మమ్మ గొంతుకి ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రి వేరే ఊళ్లో. అమ్మ సెలవు పెట్టి అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. ఆపరేషన్ అయ్యాక అమ్మమ్మకి మాట పోయింది. అయినా వసపిట్ట రోజూ ఫోన్ చేసేది. ఇటు నుంచి ఇది వాగేది. అటు నుంచి అమ్మమ్మ గోటితో ఫోన్ మీద కొట్టేది. ఒకసారి కొడితే అవును. రెండుసార్లు కొడితే కాదు.

“అమ్మమ్మా, అన్నం తిన్నావా?”

టక్.

“బాగుందా?”

టక్ టక్.

వసపిట్ట పకపకా నవ్వేది. అటు పక్క అమ్మమ్మ నవ్విందో లేదో వినిపించేది కాదు. కొన్నాళ్లకి ఆ చప్పుడు కూడా ఆగిపోయింది. అమ్మ ఒక్కతే ఇంటికి తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం అమ్మకి ఫోన్ వచ్చింది. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నానన్నాడు ఒకాయన. అమ్మమ్మ పేరు, ఫైలు నంబరు, ఆపరేషన్ తేదీ గడగడా చెప్పేశాడు. కట్టిన డబ్బులో కొంత వెనక్కి వస్తుంది, బ్యాంకు వివరాలు చెప్పండి అన్నాడు. అమ్మ నమ్మింది. చెప్పబోయింది కూడా. అంతలో అతను మర్యాదకి, “మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారండీ? కోలుకున్నారా?” అని అడిగాడు.

అమ్మ ఫోన్ పెట్టేసింది. మోసమైతే జరగలేదు కానీ, అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. “కోలుకున్నారా అని అడిగాడు... కోలుకున్నారా అని...” ఆ ఒక్క మాటే పదేపదే తలుచుకుని ఏడ్చింది.

“మనం చెత్తలో పడేసిన బిల్లు ఎవడికో దొరికుంటుంది. ఇక మీదట ఒక్క కాగితం కూడా ముక్కలవకుండా ఇంట్లోంచి బయటికి పోకూడదు,” అన్నాడు నాన్న.

మర్నాడే వసపిట్టని వెంటబెట్టుకుని మిషన్లు అమ్మే షాపుకి వెళ్లాడు. షాపాయన రెండు మిషన్లు చూపించాడు. ఒకదాంట్లో కాగితం వేస్తే పొడుగాటి రిబ్బన్లు వచ్చాయి. ఆయన ఆ రిబ్బన్లని బల్ల మీద పక్కపక్కన పేర్చాడు. చూస్తుండగానే అక్షరాలు కలిసిపోయాయి.

“ఓపికున్నవాడు కూర్చుంటే చదివేస్తాడు. ధర తక్కువే, పని కూడా తక్కువే,” అన్నాడాయన. రెండోదాంట్లో ఇంకో కాగితం వేశాడు. డబ్బాలో బియ్యపు గింజలంత ముక్కలు రాలాయి. “దీంట్లో పడ్డాక ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా అతికించలేడు సార్.”

“మా అమ్మ కూడానా?” అని అడిగింది వసపిట్ట. అమ్మ పని చేసేది లైబ్రరీలో. చిరిగిన పుస్తకాలు అతికించడం ఆమె ఉద్యోగం. అమ్మ చేతిలో పడితే ఎంత చివికిపోయిన పుస్తకమైనా లేచి కూర్చుంటుంది.

“మీ అమ్మ కూడా,” అన్నాడు షాపాయన.

“అయితే అదే ఇవ్వండి,” అన్నాడు నాన్న.

అలా వచ్చింది మేక.

సరే, మళ్లీ మేక అలిగిన రోజుకి వద్దాం. ఆ రోజు శనివారం. నాన్న షాపులో ఉన్నాడు. అమ్మ లైబ్రరీలో ఉంది. ఎర్ర లైటు ఆరిపోయింది. ఇల్లంతా వసపిట్టదే.

దాని కళ్లు బీరువా మీద పడ్డాయి. బీరువా పై అరలో రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట ఉంది. అన్నీ ఆసుపత్రి బిల్లులే. రెండు రోజుల కిందట బీరువా తలుపు చాటున నిలబడి, ఆ కట్ట పట్టుకుని అమ్మ ఏడవడం వసపిట్ట చూసింది. నాన్న కూడా చూశాడు. “అవి కూడా మేకకి వేసేద్దామా?” అని మెల్లగా అడిగాడు. “ఇప్పుడు కాదు,” అని అమ్మ బీరువా మూసేసింది.

ఆసుపత్రి కాగితం వల్లే దొంగ ఫోన్ చేశాడు. ఆసుపత్రి కాగితాలు చూస్తేనే అమ్మ ఏడుస్తోంది. అవి లేకపోతే దొంగా రాడు, ఏడుపూ రాదు. అమ్మకి తీరిక లేక ఆగింది కాబోలు, నేనే చేసేస్తే సరి. ఇదీ వసపిట్ట లెక్క.

కుర్చీ ఎక్కి కట్ట దించింది. రబ్బరు బ్యాండు తీసింది. జడ వెనక్కి వేసుకుంది. పిన్నులు ఒక్కొక్కటే ఊడదీసి డబ్బీలో వేసింది. రెండేసి, మూడేసి కాగితాలే వేసింది. ప్రతి కాగితం మీదా ఆసుపత్రి పేరు, అమ్మమ్మ పేరు, ఫైలు నంబరు ఉన్నాయి. కరకరకర. నాన్న లేనప్పుడు ముట్టుకోకూడదన్నది ఒక్కటి తప్ప, నేర్పినవన్నీ పొల్లుపోకుండా చేసింది.

నీడ గురించి, చీమల గురించి అడిగే పిల్ల, “ఇవి వెయ్యనా?” అన్న ఒక్క ప్రశ్న మాత్రం ఎవర్నీ అడగలేదు.

చివరి కాగితం ఒక్కటే మిగిలింది. అది కట్టలో తిరగబడి ఉంది. వసపిట్ట చూసుకోకుండా అలాగే వేసేసింది. సగం లోపలికి వెళ్లిందో లేదో, మేకకి మళ్లీ ఎర్ర లైటు వెలిగింది. మిషన్ ఆగిపోయింది. మిగతా సగం కాగితం పైకి నిలబడి ఉంది.

దాని మీద అచ్చు అక్షరాలు లేవు. నీలం పెన్నుతో రాసిన పెద్ద పెద్ద వంకర అక్షరాలు ఉన్నాయి. అవి ఎవరివో వసపిట్టకి తెలుసు. పుట్టినరోజుకి ఇచ్చిన పుస్తకం మొదటి పేజీలో ఉన్నదీ ఆ చేతిరాతే.

“ఫోన్ పెట్టెయ్యకే. ఇంకాసేపు వాగనీ దాన్ని.”

దాన్ని అంటే ఎవర్నో కూడా తెలుసు.

వసపిట్ట చటుక్కున ప్లగ్ పీకేసింది. కింద డబ్బా లాగి చూసింది. తెల్ల ముక్కల నిండా నల్ల చుక్కలు. వాటి మధ్య ఎన్నో నీలం చుక్కలు. ఇందాక ఎందుకు కనిపించలేదు? తిప్పి చూడలేదు కాబట్టి.

డబ్బాలోది సంచిలో పోసి వీధి చివర చెత్తకుండీలో పడేస్తే? ఒక్క క్షణం అలా కూడా అనిపించింది. సంచి తెచ్చింది. కానీ ఆ సగం కాగితం తననే చూస్తున్నట్టుంది. సంచి పక్కన పెట్టి, మేక పక్కనే నేల మీద కూర్చుండిపోయింది.

సాయంత్రం అమ్మ వచ్చింది. “ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉందేం? మా పిట్ట ఎటైనా ఎగిరిపోయిందా?” అంటూ చెప్పులు విప్పింది. నేల మీద రబ్బరు బ్యాండు చూసింది. తర్వాత బీరువా వైపు చూసింది. చేతిసంచి కూడా దించకుండా అలాగే నిలబడిపోయింది.

“అన్నీనా?” అని అడిగింది.

“అన్నీ.”

అమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని వసపిట్టకి అనిపించింది. అమ్మ మెల్లగా కూలబడి, మేక నోట్లో ఉన్న సగం కాగితాన్ని చదివింది. చాలాసేపు చదివింది.

“అవి లేకపోతే నువ్వు ఏడవవనుకున్నానమ్మా. బిల్లులే అనుకున్నా,” అంది వసపిట్ట.

“ఒకవైపు బిల్లులే. మాట పోయాక అమ్మమ్మకి పలక కొనిచ్చానే. చెరపడం విసుగంది. చేతికి ఏ బిల్లు దొరికితే దాని వెనకాల రాసేది. దిండు సర్దమనీ, కిటికీ వెయ్యమనీ, నన్ను పడుకోమనీ... చివరి రోజుల్లో మా అమ్మ నాతో మాట్లాడిందంతా వాటి మీదే ఉంది.” అమ్మ నేల మీది రబ్బరు బ్యాండు చేతిలోకి తీసుకుంది. “అవి చూసి ఏడ్చానంటే, అవి వద్దని కాదే తల్లీ.”

అప్పుడు ఏడ్చింది వసపిట్ట. వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుంది కానీ, ఊరుకోమని అనలేదు. ఆమెకీ ఏడుపు ఆగడం లేదు.

నాన్న వచ్చేసరికి ఇద్దరూ నేల మీద పాత దుప్పటి పరిచి, డబ్బా బోర్లించి కూర్చున్నారు. అమ్మ లైబ్రరీలో వాడే సన్న పట్టకారుతో నీలం గీత ఉన్న ముక్కల్ని ఏరుతోంది. ఒకదాని మీద తలకట్టు ఉంది. ఇంకోదాని మీద కొమ్ము ఉంది. ఒకదాని మీద ఉన్నది అర సున్నాయో, సున్నాలో సగమో తెలియడం లేదు. ఏ తలకట్టు ఏ అక్షరానిదో ఎవరు చెప్పగలరు?

“నాకు చేతకావడం లేదండీ,” అంది అమ్మ. ఆ మాట ఆమె నోట వసపిట్ట ఎప్పుడూ వినలేదు.

“అతికించడానికి రానిదే కావాలని పట్టుబట్టి కొన్నాను,” అన్నాడు నాన్న తల దించుకుని.

“మిషన్ దాని పని అది చేసింది. ఆ బిల్లుల వెనక ఏముందో నేనూ మీకు చెప్పలేదుగా.”

నాన్న ప్లగ్ పెట్టి, వెనక్కి తిప్పే బటన్ నొక్కాడు. సగం కాగితం, చిందరవందరగా తెగిన అంచుతో బయటికి వచ్చింది. దాని పై సగంలో అమ్మమ్మ ఏం రాసిందో అమ్మ గుర్తు తెచ్చుకోవాలని చూసింది. గుర్తు రాలేదు.

నీలం ముక్కలన్నీ కలిపితే గుప్పెడు అయ్యాయి. అమ్మ వాటిని ఒక గాజు సీసాలో పోసి మూత పెట్టింది. సగం కాగితం అంచుకి పల్చటి కాగితం అతికించి, చిరిగిన కొసల్ని సరిచేసింది. ముందు వైపున్న ఫైలు నంబరు కనబడకుండా నల్ల పట్టీ అంటించి, తన బల్ల అద్దం కింద పెట్టుకుంది.

ఆ వారమంతా వసపిట్ట నోరు పెద్దగా లేవలేదు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పేది. కరెంటు పోయినప్పుడు కూడా ఎందుకు పోయిందని అడగలేదు. నాన్న రెండుసార్లు నవ్వించబోయి ఊరుకున్నాడు.

మళ్లీ శనివారం వచ్చింది. నాన్న షాపు కాస్త తొందరగా కట్టేసి వచ్చాడు. మేకకి నూనె కాగితం వేశాడు. పాత కాగితాల దొంతర ఒకటి తెచ్చి పక్కన పెట్టాడు.

“రావే, మేపుదాం.”

వసపిట్ట వచ్చింది. పై కాగితం తీసింది. పిన్ను తీసింది. ముందు వైపు చూసింది. వెనక్కి తిప్పి చూసింది. ఏమీ రాసి లేదు. అయినా మేకకి వేయలేదు. లేచి అమ్మ దగ్గరికి వెళ్లింది.

అమ్మ బల్ల దగ్గర కూర్చుని ఒక పుస్తకం కుడుతోంది. దారం పళ్ల మధ్య బిగించి ఉంది.

“అమ్మా, ఇది వెయ్యనా?”

అమ్మ కాగితం చూసింది. దారం వదిలితే కుట్టు వదులైపోతుంది. అందుకని గోటితో బల్ల మీద కొట్టింది.

టక్.

వసపిట్ట కదల్లేదు. అమ్మ చేతిలో సూది కూడా ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మ కళ్లు నిండాయి.

వసపిట్ట వెళ్లి ఆ కాగితం మేకకి వేసింది. ఇంకొకటి తీసి, రెండు వైపులా చూసి, మళ్లీ వచ్చింది. “ఇది?” టక్. ఇంకొకటి. “ఇది ఎవరిదమ్మా? ఇంత పాతది ఇన్నాళ్లు ఎందుకు దాచారు? దీని మీద ఈ ముద్ర ఏంటి? వెయ్యనా?”

“ఒక్కో కాగితానికీ ఇన్ని ప్రశ్నలైతే తెల్లారిపోతుందే! ఖాళీవి అడక్కుండా వేసెయ్యొచ్చు,” అన్నాడు నాన్న.

అమ్మ నోట్లో దారం తీసేసింది. అద్దం కింద సగం కాగితం మీద చెయ్యి పెట్టింది.

“అడగనివ్వండి. ఇంకాసేపు వాగనీ దాన్ని,” అంది.

వసపిట్ట ఇంకో కాగితం తీసుకుంది. ముందు చూసింది. వెనక్కి తిప్పింది.