నలభయ్యో జాంబీ

జువ్వలదిన్నె హార్బరు పక్కన ఖాళీగా పడి ఉన్న ఐసు గోడౌను తలుపు తోసుకుని పెంచలప్రసాద్ లోపలికి వచ్చేసరికి, గంగాభవాని వాళ్ళ నాన్న ముఖానికి రంగు వేస్తోంది. ఒక చెంప ఊడి వేలాడుతోంది. పెదవులు నల్లగా ఉబ్బి ఉన్నాయి. తెల్ల లెన్సులు పెట్టిన కళ్ళు తలుపు వైపు తిరిగాయి.

"ఎవురు నాయనా?" అంది ఆ శవం, మర్యాదగానే.

ప్రసాద్ లాప్‌టాప్ బ్యాగును గుండెకు హత్తుకుని, గోడ వెంబడే జారి నేల మీద కూర్చుండిపోయాడు.

భవాని నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. నవ్వు ఆపుకోవడం ఆమెకు కష్టంగా ఉంది. కాస్త తేరుకున్నాక అతనే చెప్పుకున్నాడు. సొంతూరు చిట్టమూరు, వరి పండించే ఇల్లు. హైదరాబాదులో గ్రాఫిక్స్ పని. నాలుగేళ్ళుగా కంప్యూటర్లో జాంబీలు తయారు చేస్తున్నాడు. ఈ సినిమాకీ అందుకే వచ్చాడు.

"జాంబీలు చేసే మనిషి జాంబీని చూసి పడిపోతే ఎట్టండీ?" అంది భవాని.

"నా జాంబీలు స్విచ్ కట్టేస్తే పోతాయండీ," అన్నాడు ప్రసాద్, శవం వైపు చూడకుండా. "ఇది పోయేట్టు లేదు."

ఆ మాట ఆమెకు నచ్చింది. కానీ ఆ నచ్చడం మర్నాటి దాకానే నిలిచింది.

భవాని చెన్నైలో ఐదేళ్ళు మేకప్ పని నేర్చుకుంది. ఎవరి కిందో కాకుండా తనే పెద్దగా చేస్తున్న మొదటి సినిమా ఇది. అది తన ఊళ్ళోనే జరగడం ఆమె అదృష్టం. కథలో, సముద్రంలో పోయిన మనుషులు నలభై మంది ఉప్పుటేటి బురదలోంచి లేచి ఊరి మీదికి వస్తారు. ఆ నలభై మందీ భవాని వాళ్ళ బాబాయిలు, మామలు, అన్నలు. సిలికాన్ తొడుగు కోసం అందరి ముఖాలకూ అచ్చులు తీసింది. నాన్న చిన్నపోలయ్య అందరికంటే ముందు కూర్చున్నాడు.

మర్నాడు షామియానా కింద మాట్లాడుకునేటప్పుడు ప్రసాద్ డైరెక్టర్ జడ్సన్‌తో, బురదలోకి పది మంది దిగితే చాలన్నాడు. మిగతా ముప్ఫై మందినీ తాను కంప్యూటర్లో కలుపుతానన్నాడు. అంతమంది లెన్సులతో కళ్ళు కనబడకుండా నీళ్ళ పక్కన పాకడం తలుచుకుంటేనే తనకు భయంగా ఉందన్నాడు. భవాని ఆ భయాన్ని నమ్మలేదు. తన పనిలో ముప్పావు వంతు లాక్కోవడానికి మెత్తగా వేసిన ఎత్తు అనుకుంది. మనుషులు పాకితేనే జనం భయపడతారని, కంప్యూటర్ బొమ్మకు ఎవరూ భయపడరని గట్టిగా వాదించింది.

జడ్సన్ ఇద్దరి మాటా కాదనలేదు. ఊరి ఆడవాళ్ళను వలలు బాగుచేసే షెడ్డులో కూర్చోబెట్టి, రెండూ చూపిద్దామన్నాడు.

ముందు ప్రసాద్ జాంబీ టీవీలో నడిచింది. పుర్రె మీద పురుగులు పాకాయి, కళ్ళల్లోంచి నీరు కారింది. ఆడవాళ్ళు చోద్యంగా చూశారు. ఒకామె, ఇది ఫోన్లో కూడా వస్తుందా అని అడిగింది.

తర్వాత చిన్నపోలయ్య లోపలికి వచ్చాడు. అతను అరవలేదు, పాకలేదు. వచ్చి ఊరికే నిలబడ్డాడు, ఒంటి మీది చొక్కా నీళ్ళు కారుతూ.

షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. అతని భార్య మస్తానమ్మ టీ గ్లాసుల పళ్ళెం కింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. ఇంకో ఇద్దరు ఆమె వెనకే వెళ్ళారు.

భవాని గెలిచింది. గెలిచి, అమ్మను వెతుక్కుంటూ పరుగెత్తింది. మస్తానమ్మ ఒడ్డుకు లాగిపెట్టిన పడవ నీడలో కూర్చుని ఉంది.

"మీ మామను తెచ్చి నిలబెట్టినావు గదమ్మా," అంది కూతురితో.

భవానికి తొమ్మిదేళ్ళప్పుడు మస్తానమ్మ తమ్ముడు ముత్యాలయ్య పడవ తిరగబడింది. మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. పిల్లలను చూడనివ్వొద్దన్నారు గానీ, పెద్దవాళ్ళ కాళ్ళ సందులోంచి భవాని చూసింది. ఆ ముఖం ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కళ్ళు మూస్తే కనబడేది. చెన్నైలో మొదటిసారి సిలికాన్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆమె వేళ్ళు వాటంతట అవే ఆ ముఖాన్ని చేశాయి. చేసినంతసేపు భయం వేయలేదు. అందుకే అదే పనిగా పెట్టుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ప్రసాద్ గోడౌను గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఎవుర్ని చూసి చేసినారు ఆ మొహం?" అని అడిగాడు.

ఎందుకో ఆమె చెప్పేసింది, పడవ సంగతీ, మూడో రోజు సంగతీ. ప్రసాద్ గుమ్మంలోంచే లోపలి తొడుగుల వైపు చూస్తూ, "నేను చావును దగ్గర్నించి చూడలా. అందుకే నా బొమ్మ ఎవుర్నీ కదిలించలా," అన్నాడు. తర్వాత చెప్పులు విప్పి, తొడుగులు తగిలించి బల్లల మీద వరసగా పెట్టిన నలభై అచ్చు తలల మధ్యకు అడుగు వేశాడు.

ఆ తర్వాత నాలుగు రోజులు బయట ముసురు పట్టింది, షూటింగు ఆగిపోయింది. ప్రసాద్ రోజూ వచ్చి కూర్చునేవాడు. తొడుగు అంచులు చర్మంలో కలిసిపోయేలా ఎలా అద్దాలో ఆమె చూపిస్తుంటే, ఒక కన్ను మూసి ఒక కన్నుతో చూసేవాడు. రెండో కన్ను కూడా తెరవమని ఆమె ఏడిపించేది. అది రేపటికి దాచుకున్నానని అతను చెప్పేవాడు. మూడో రోజుకు ఊడిన చెంపను సొంతంగా పట్టుకోగలిగాడు. నాలుగో రోజు వాన హోరులో కరెంటు పోతే, చీకట్లో తలల మధ్య అతను అందుకున్నది ఆమె చెయ్యి. కరెంటు వచ్చాక కూడా వదిలిపెట్టడానికి ఇద్దరికీ తొందర లేకపోయింది.

ఊళ్ళో మగవాళ్ళు ఎవరూ భయమేసిందని నోటితో చెప్పడం భవాని వినలేదు. ఇతను పొద్దున లేస్తే చెబుతున్నాడు. చెబుతూనే వస్తున్నాడు. అది ఆమెకు ముద్దుగా ఉంది.

ముసురు విడిచిన రోజు పొద్దున, అతను టిఫిన్‌కు వెళ్ళినప్పుడు, లాప్‌టాప్ తెరిచి ఉంది. భవాని తొంగి చూసింది. తెర నిండా తన జాంబీలే. నాన్న ముఖం ఒక చోట, బాబాయి ముఖం ఒక చోట, ఒక్కొక్కటి పదిసార్లు, ఇరవైసార్లు, గుంపులు గుంపులుగా పాకుతున్నాయి.

అతను తిరిగొచ్చేసరికి ఆమె ముఖం మారిపోయి ఉంది. నమ్మించి తన పని దొంగిలించాడని అంది. ఆ ముఖాల ఫొటోలు జడ్సన్‌కు చెప్పే తీశానని, తక్కువ మందిని నీళ్ళలోకి దింపాలనే ఈ పాట్లని అతను చెప్పబోయాడు. ఆమె వినిపించుకోలేదు. నీకు కావలసింది నా చేతులు కాదు, అచ్చులు అని చెప్పి, తలుపు వేసేసింది.

షూటింగు ఆ మధ్యాహ్నమే పెట్టారు. ఎండలో తీసి, తర్వాత దాన్ని కంప్యూటర్లో రాత్రిలా మారుస్తారు. ఉప్పుటేట్లో నీళ్ళు వెనక్కి పోయి, బురద బయటపడింది. పోటు తిరిగి నీళ్ళు మళ్ళీ పైకి వచ్చేలోపల ముగించాలి. నలభై మందిలో మాల్యాద్రి బాబాయికి జ్వరం వచ్చి రాలేదు. ముప్ఫై తొమ్మిది మందితో చేద్దామని, ఆ ఒక్కరినీ తాను కలుపుతానని ప్రసాద్ అన్నాడు. ఆ మాట వినగానే భవాని అద్దం ముందు కూర్చుని, తన ముఖానికే తొడుగు అంటించుకుంది. పళ్ళ సెట్టు పెట్టుకుంది, తెల్ల లెన్సులు పెట్టుకుంది. నలభయ్యో జాంబీ తనే.

లెన్సుల్లోంచి లోకం పాలలో ముంచినట్టు ఉంది. మైకులో జడ్సన్ గొంతు, చివరిలో ఉన్నవాళ్ళను ఇంకాస్త వెనక్కి, నీళ్ళ అంచుకు జరగమంది. చివరిలో ఉన్నది భవానీయే. జరిగింది. తొడల దాకా బురదలో దిగి, యాక్షన్ అన్నాక పాకడం మొదలుపెట్టింది.

కుడి కాలు రాలేదు.

లాగింది. బురదలో ఏదో పాదాన్ని చుట్టుకుని ఉంది. ఇంకా లాగితే ఇంకా బిగిసింది. తెగిన వల ముక్క అని ఆమెకు తెలిసిపోయింది. ఎన్నో ఏళ్ళ కింద ఎవరో పారేసిన నైలాను వల. నడుము దగ్గర చల్లగా తగిలింది. పోటు తిరిగింది.

"నాయనా," అని అరిచింది. పళ్ళ సెట్టు మధ్య నుంచి, జిగురుతో సగం అతికిన పెదవుల మధ్య నుంచి, అది గుర్రుమనే చప్పుడుగా బయటికొచ్చింది. ముందు ముప్ఫై తొమ్మిది మందీ అలాగే గుర్రుమంటూ పాకిపోతున్నారు. వాళ్ళలో నాన్న ఎవరో ఆమెకు కనబడలేదు. కనబడినా నాన్నకు తను కనబడదు. ఆయన కళ్ళకూ తెల్ల తెర పెట్టింది తనే.

చేతులెత్తి ఊపింది. ఒడ్డు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. మైకులో జడ్సన్ ఆ చివరి జాంబీ అద్భుతంగా చేస్తోందని, కెమెరా ఆపవద్దని అన్నాడు.

నీళ్ళు రొమ్ము దాకా వచ్చాయి. ముక్కు దగ్గర తొడుగులోకి ఉప్పునీరు దూరింది. గోళ్ళతో పీకింది. అది రాలేదు. ఊడిరాకుండా అంటించడం ఆమెకు బాగా చేతనైన పని. తను చచ్చిపోతున్నప్పుడు అందరూ చూస్తూ ఉంటారని, చూసి మెచ్చుకుంటారని అర్థమైంది. ముత్యాలయ్య మామ ముఖం జ్ఞాపకం వచ్చింది. ఆ ముఖమే ఇప్పుడు తన ముఖం మీద ఉంది.

అప్పుడు బురదలో ఎవరో పడుతూ లేస్తూ వస్తున్న చప్పుడు వినిపించింది. తెల్లటి మసకలో ఒక నల్లటి ఆకారం పెద్దదైంది. రెండు చేతులు ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తాయి.

"ఊపిరి పట్టు. లాగతా ఉండా," అన్నాడు ప్రసాద్.

ముక్కు పక్క అంచులో వేలు దూర్చి ఒక్క లాగు లాగాడు. తొడుగుతో పాటు చర్మం కూడా లేచింది. గాలి లోపలికి వచ్చింది. అతను ఒక చేత్తో ఆమె తలను నీళ్ళ పైన పట్టుకుని, చిన్నపోలయ్యను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. చిన్నపోలయ్య లెన్సులు పీకేసుకుని, గొంతు వినిపించిన వైపు ఈదుకొచ్చి, నీళ్ళ కిందికి మునిగాడు. మొలకు ఉన్న కత్తితో వల కోశాడు. అప్పటికి నీళ్ళు ప్రసాద్ గడ్డానికి తగులుతున్నాయి.

ఒడ్డు మీద గుడ్డ కప్పి కూర్చోబెట్టాక, ఆమె అడిగింది ఒక్కటే. అంతమందిలో తనే మునిగిపోతోందని అతనికి ఎట్లా తెలిసిందని.

"మిగతా ముప్ఫై తొమ్మిది మందీ భయపెడతా ఉండారు," అన్నాడు. "నువ్వొక్కదానివే భయపడతా ఉండావు. భయం నాకు తెలీదా?"

వారం తర్వాత జడ్సన్ ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఆమె మునిగిపోతోందని తాను గుర్తుపట్టలేకపోయానని మస్తానమ్మ ముందు తల దించుకుని క్షమాపణ అడిగాడు. ఆ షాటు సినిమాలో ఉండాలా వద్దా అనేది భవాని ఇష్టమన్నాడు. ప్రసాద్ లాప్‌టాప్‌లో ఆమెకు చూపించాడు. అంత భయంకరమైన జాంబీని భవాని ఎప్పుడూ చూడలేదు. సగంలోనే ముఖం తిప్పుకుంది.

"తీసెయ్," అంది.

"ఆ చోట ఏం పెట్టేది?"

"ఒట్టి నీళ్ళు పెట్టు."

అతను ఆ ఐసు గోడౌనులోనే కూర్చుని, తొమ్మిది రోజులు పని చేశాడు. ఆమె పక్కనే కూర్చుని చూసింది. ముక్కు మీద గాయానికి పక్కు కట్టి ఊడే వేళకు, తెర మీద ఆమె చేతులు పోయాయి, తల పోయింది, చివరికి ఎండ తగిలిన నీళ్ళు మిగిలాయి. ఆ రాత్రి చాలా ఏళ్ళ తర్వాత కలలేమీ రాకుండా పడుకుంది.

పదో రోజు ప్రసాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వాళ్ళింటికి వచ్చాడు. ఐసు గోడౌనులో మొదటి రోజు ఉన్నంత తెల్లగా ఉంది అతని ముఖం. భవానిని చేసుకోవాలని ఉందని చిన్నపోలయ్యతో చెప్పాడు. చిట్టమూరులో అమ్మకు చెప్పానని, చేపల ఇంటి పిల్లా అని రెండు రోజులు మాట్లాడలేదని, ఇప్పుడు ఆదివారం వచ్చి పిల్లను చూస్తానంటోందని దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుర్చీ అంచు పట్టుకునే ఉన్నాడు.

చిన్నపోలయ్య చేతిలోని వల పక్కన పెట్టాడు.

"ఈత వచ్చునా నీకు?" అని అడిగాడు.

"రాదండీ."

"రాకుండానే ఆ పోటులో దిగినావా?"

"రాదని గొంతు దాకా మునిగినాక గుర్తొచ్చిందండీ."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మస్తానమ్మ నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి, అతనికి కూడా ఒక పళ్ళెం కడిగి పెట్టింది.

భవాని వచ్చి అతని కుర్చీ పక్కనే కింద కూర్చుంది. అతని చెయ్యి ఇంకా కుర్చీ అంచునే పట్టుకుని ఉంది. అమ్మ చూస్తుండగానే, నాన్న చూస్తుండగానే, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"నాకూ భయంగానే ఉండాది," అంది మెల్లగా. "ఆదివారం రమ్మను."