శాలువ కింది బేరం

హంసవీడు నగరంలో అశ్వసంత అంటే వట్టి సంత కాదు, ఏటేటా జరిగే రెండో పట్టాభిషేకం. తూర్పుకోట వాకిలి మొదలు ఏటిగట్టు దాకా డేరాలు లేచేవి. పడమటి రేవులలో ఓడలు దిగిన తెల్లని గుర్రాలూ, కొండదొరలు తోలుకువచ్చిన పొట్టి తట్టువలూ మెడమువ్వలు మోగిస్తూ దుమ్ము లేపుతుంటే, ఏనుగులమీద రాజబంధువులూ పల్లకీలలో అధికారులూ ఆ దుమ్మునే పన్నీరులా పీలుస్తూ ఊరేగేవారు. ఆ ఏడు కూడా సంత అంత వైభవంగానూ జరిగింది. పొరుగురాజు దండు సరిహద్దు దాటి నెమలికొండ దుర్గంవైపు నడిచివస్తున్నదన్న మాట ఆ సందడిలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ దుర్గానికి సేనాని అయిన మాచయ నాయకుడు మాత్రం ఆ మాటే తలలో పెట్టుకొని, ఎర్రని గుర్రపుపిల్ల కళ్లెం చేతబట్టుకొని, అమ్మేవాళ్ల వరుసలో నిలబడి ఉన్నాడు. రెండేండ్లయినా నిండని ఆ కిశోరం పేరు జేగురు. తల్లి గుర్రం యుద్ధంలో కూలితే, పుట్టి పది పూటలైనా కాని దాన్ని నాయకుడు తన గొంగడిలో చుట్టి తెచ్చాడు. పిల్లలు లేని అతని భార్య మాదమ ఆవుపాలలో గుడ్డ ముంచి చప్పరింపజేసి పెంచింది. అది ఇప్పటికీ నాయకుని తలపాగా చెంగు కొరుకుతూ, ఇదేదో తనకోసం జరిగే తిరునాళ్లనుకుంటున్నది.

నాయకుని కష్టానికి కారణం చిన్నది, పరిష్కారం అతని చేతిలో లేనిది. శత్రువు వచ్చి చుట్టుముట్టేలోగా కోటలో ధాన్యం నింపాలి. బాలుడైన రాజు అందుకు సొమ్మిమ్మని నిండుసభలో ఆజ్ఞ ఇచ్చాడు. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు కదా! బొక్కసం తాళాలు వెన్నయామాత్యుని మొలలో ఉన్నాయి. ఆ మహానుభావుడు పొరుగురాజుతో లోపాయికారీగా మాట్లాడుకొని ఉన్నాడు. నెమలికొండ ఎంత తొందరగా పడితే అతనికి అంత లాభం.

"నాయకా, బొక్కసం ఖాళీ. పన్నులు రానీ, చూతము. ప్రభుభక్తి గలవానికి సొమ్ముదేమున్నది?" అని తాంబూలం నములుతూ సెలవిచ్చాడు.

మాదమ నగలు అప్పటికే బంట్ల జీతాలకు పోయాయి. ఇక మిగిలింది జేగురు. అయిదువందల వరహాలు వస్తే ధాన్యానికి సరిపోతుంది. ఈ మాట చెప్పినప్పుడు మాదమ ఎదురాడలేదు. గుప్పెడు ఉలవలు ఉడకబెట్టి తెచ్చి, పిల్ల తినేదాకా పక్కనే కూర్చుంది.

బేరానికి పోలిసెట్టి అనే దళారి వచ్చాడు. వాడు అమాత్యుని మనిషని నాయకునికి తెలియదు. ఆ సంతలో బేరం నోటితో ఆడరు. ఇద్దరి చేతులమీదా శాలువ కప్పుతారు. కొనేవాడు అమ్మేవాని వేళ్లు పట్టుకుంటాడు, వేలొక్కటికి నూరు. చుట్టూ ఉన్నవారికి ధర తెలియదు. తల ఊపి చేతులు బయటికి తీశారంటే బేరం కుదిరినట్టే, ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా మారదు.

పోలిసెట్టి ముందు ఒక్క వేలు పట్టాడు. నాయకుడు తల అడ్డంగా ఊపాడు. రెండు పట్టాడు. మళ్లీ అడ్డంగానే ఊపాడు. అప్పుడు సెట్టి నిట్టూర్చి, ఓడిపోయినవాడిలా ముఖం పెట్టి, చేతినంతా గుప్పిట్లో బిగించాడు. చెయ్యి నిండా పట్టితే అయిదువందలు. నాయకుని గుండె తేలికపడింది. సరేనని తల ఊపి చెయ్యి బయటికి తీశాడు.

"మూడువందల వరహాలు! అందరూ సాక్ష్యం," అని సెట్టి సంచి విప్పాడు.

"మూడెక్కడివి? నా చెయ్యంతా పట్టావు కదయ్యా!"

"పట్టితిని నాయకా. ఉన్నవన్నీ పట్టితిని. ఎన్ని ఉన్నవో తమరే చూచుకొనుడు."

నాయకుడు తన కుడిచేతి వంక చూసుకున్నాడు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. ఏనాడో యుద్ధంలో, ఇప్పటి రాజు తండ్రి మెడమీదికి వచ్చిన కత్తిని ఉత్త చేత్తో ఆపినప్పుడు తెగిపోయాయి. తెగిన వేళ్లు ఇంకా ఉన్నట్టే తోస్తుందని గాయపడినవారు చెప్తారు. శాలువ కింద అతనికి అయిదు వేళ్లూ పట్టినట్టే తోచింది.

ముసలివాడైన సంతపెద్ద వచ్చి అంతా విన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాయకా, ఆ వేళ్లు ఎందుకు పోయినవో ఈ దేశమెరుగును. కాని సంత ధర్మానికి ఉన్న వేళ్లే లెక్క, లేనివి కావు. నేనేమి చేయుదును?"

ఇంతలో వెన్నయామాత్యుని పల్లకీ అక్కడే ఆగింది. "కలహమేల నాయకా? ఇష్టము లేకున్న బేరము విడువుము. అయితే, సంతలో మాట తప్పినవానికి దుర్గము నప్పగించుట యెట్లని ప్రభువు రేపు నన్నడిగితే, ఏమని విన్నవింపవలెను?"

అప్పటికి నాయకునికి సంగతి బోధపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం? కాదంటే కోట పోతుంది, ఔనంటే పిల్ల పోతుంది. అతడు సంచి అందుకున్నాడు.

జేగురు అమాత్యుని గుర్రపుసాల బంట్లతో కదలలేదు, నాలుగు కాళ్లూ తన్నిపెట్టింది. చివరికి నాయకుడే మెడమీద చెయ్యి వేసి నడిపించాడు. అది తోక ఊపుతూ, అమాత్యుని సాలలోకి తానై నడిచివెళ్లింది. వీధి మలుపు తిరిగాక దాని సకిలింపు వినబడింది. నాయకుడు చెవులు మూసుకొన్నాడు, వీధిలో జనం చూస్తున్నారని కూడా తలచలేదు.

మూడువందలకు వచ్చిన ధాన్యంతో సగం కొట్లు కూడా నిండలేదు. శత్రువు కోటను చుట్టుముట్టాడు. లొంగితే జాగీరు ఇస్తానని దూతను పంపాడు. నాయకుడు దూతకు మంచినీళ్లిచ్చి సాగనంపాడు. సాయం పంపమని రాజుకు పోయిన వార్తలన్నీ అమాత్యుని దగ్గరే నిలిచిపోయాయి. గింజలు నిండుకున్న రోజున, ఆకలికి తాళలేని బంట్లకోసం, కోటలోని గుర్రాలను ఒక్కొక్కటిగా కోయవలసి వచ్చింది. రౌతులు తమ గుర్రాల కళ్లకు తామే గుడ్డ కట్టారు.

మాదమ ఆ పక్కకు చూడలేక, భర్త భుజానికి తల ఆనించి, "మన బిడ్డ ఇక్కడ లేదు కదా ప్రభూ, అంతే చాలు," అన్నది.

నాయకుడు ఆమె తల నిమిరాడు. "ఉంటే మొదటి కత్తి దానిమీదనే పడేది మాదమా. నా గుర్రాన్ని దాచుకొని బంటు గుర్రాన్ని కోయమనే నోరు నాకెక్కడిది? మనలనందరినీ అమ్ముకున్నవాని సాలలో అది చల్లగా గడ్డి మేస్తున్నది. ఆ ఇల్లు తగలబడిపోవాలని శపిద్దామంటే, ఆ ఇంట్లోనే అది ఉన్నది. శపించడానికైనా నోరు రావడం లేదే!"

అన్ని యుద్ధాలు చూసిన ఆ మనిషి పసివాడిలా ఏడ్చాడు.

మర్నాటి ఉదయం నెమలికొండ తలుపులు లోపలినుంచే తెరుచుకున్నాయి. మాచయ నాయకుడు ముందూ బంట్లు వెనుకా, అందరూ కాలినడకనే శత్రువు మీదికి వెళ్లారు. వారిలో తిరిగివచ్చినవాడు లేడు.