కమాండర్ ముద్ద

చలికాలం. హెర్న్‌డన్‌లో ఐదు కాకుండానే చీకటి పడిపోతుంది. చంద్రిక భర్త ఫణి ఆఫీసు పని మీద డాలస్ వెళ్ళాడు. ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే. చంద్రిక పప్పన్నం కలిపిన పళ్ళెం పట్టుకుని ఇషా వెనకాల తిరుగుతోంది.

రేపు ఇషా స్కూల్లో లివింగ్ మ్యూజియం. పిల్లలు చరిత్రలోని మనుషుల్లా వేషం కట్టి, ఆ మనుషులే మాట్లాడుతున్నట్టు చెప్పాలి. ఇషా వంతుకి సివిల్ వార్ నాటి నేవీ కమాండర్ వీట్లీ వచ్చాడు. దూది మీసం అంటించుకుని అప్పజెప్పుతోంది.

"పదహారేళ్ళకి నేవీలో చేరాను. యుద్ధం వచ్చింది. మా అన్న సౌత్ వైపు, నేను నార్త్ వైపు. ఒకదాని తర్వాత ఒకటి మూడు ఓడలు నడిపాను. జేమ్స్ నదిలో ఫిరంగి గుండు తగిలి ఓడలోకి నీళ్ళొచ్చాయి. కింది అంతస్తు తలుపు మూయించి గడియ పెట్టించాను. ఓడ దక్కింది. నాకు మెడల్ ఇచ్చారు."

"మరి కింద ఉన్నవాళ్ళు?"

"అది స్క్రిప్ట్‌లో లేదమ్మా."

"సరే కమాండర్‌గారూ, నోరు తెరవండి. ఇది అమ్మ ముద్ద... ఇది నాన్న ముద్ద..."

"నేనేం బేబీనా?"

"మీసాల బేబీవి. ఇదిగో, ఇది కమాండర్ ముద్ద."

ఇషా నవ్వుతూ తినేసింది.

చంద్రిక పెరుగు కోసం వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గదంతా బురద వాసన. నీళ్ళలో నానిన ఇనుము వాసన. ఇషా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు ఆర్పడం లేదు.

"ఇంకో ముద్ద పెట్టు," అంది. గొంతు బొంగురుగా ఉంది.

"ఇషూ... ఆటలు చాలమ్మా."

టక్... టక్... టక్.

బేస్‌మెంట్ తలుపు. లోపలి నుంచి.

"అమ్మా!" ఇషా గొంతే. "ఇక్కడ వాటర్ వస్తోంది... డోర్ తియ్యి..."

గడియ ఇటువైపే ఉంది. వేసే ఉంది. తలుపు కింద నుంచి నల్లటి నీళ్ళు పాకుతున్నాయి.

"తియ్యకు," అన్నాడు... అన్నది కుర్చీలోది. "తీస్తే ఓడ దక్కదు."

"అమ్మా... మెడ దాకా వచ్చింది..."

ఇంకేం ఆలోచించలేదు. గడియ లాగేసింది.

ఇషా. నిలువునా తడిసిపోయి, వణుకుతూ, ఎగిరి తల్లి మెడకి చుట్టుకుంది. ఒళ్ళు మంచుగడ్డలా ఉంది.

"అయిపోయిందమ్మా... అయిపోయింది..." చంద్రిక కూతురి వీపు నిమురుతోంది.

వెనక కుర్చీ కిర్రుమంది. బొంగురు గొంతు కాదు. ఏడుపు గొంతు. అదీ ఇషాదే.

"అమ్మా... ఎవరిని పైకి రానిచ్చావ్?"

వెనక్కి తిరగాలని చూసింది చంద్రిక.

మెడ చుట్టూ ఉన్న చేతులు తిరగనివ్వలేదు.