నానబెట్టిన దుంపలు

మందుల దుకాణానికి వెళ్లే హడావుడిలో జడ అల్లుకుంటూ వంటింట్లోకి వచ్చిన కూతురు, కిటికీ దగ్గరి గిన్నె చూసి ఆగిపోయింది. పెరట్లో చెట్టు కింద నాటుదామని రాత్రి అందులో పదిహేను పూలమొక్క దుంపలు నానబెట్టింది. చలి పూర్తిగా పోకముందే చెట్టు నీడలో పసుపుపచ్చగా పూసే చిన్న మొక్కవి. చూడటానికి అల్లం ముక్కల్లా ఉంటాయి. తింటే విషం.

గిన్నెలో నీళ్లే ఉన్నాయి.

పొయ్యి మీద సూప్ ఉడుకుతోంది. తల్లి గరిటె తిప్పుతోంది. బల్ల దగ్గర అయిదేళ్ల మనవరాలు చెంచా నోట్లో పెట్టుకుంటోంది.

"అమ్మా, ఇందులో దుంపలేవి?"

"ఏ దుంపలే?"

ముప్ఫయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పిన తల్లికి ఏడాదిగా మతిమరుపు. కూతురు పిల్ల చేతిలోని చెంచా లాగేసింది.

"ఉమ్మెయ్. ఎంత తిన్నావు?"

"రెండు చెంచాలు," పిల్ల బిక్కమొహం వేసింది.

"సూప్‌లో ఏం వేశావమ్మా?"

"క్యారెట్లు, బఠాణీలు..." తల్లి గరిటెతో సూప్‌లో వెతికింది. "ఇంకేమన్నా వేశానేమో."

"వేశానేమో ఏంటి? నీకు పొయ్యి అప్పజెప్పడం నాదే బుద్ధితక్కువ."

తల్లి గరిటె కింద పెట్టింది. ఆమె గోళ్లనిండా తడిమట్టి.

అది చూడగానే కూతురు పిల్లని చంకనేసుకుని పెరట్లోకి పరుగెత్తింది. పిల్లని దించి ఆసుపత్రికి ఫోన్ కలిపి, అంబులెన్స్ పంపమంటూనే చెట్టు కింద ఆకుల ఎరువును దుంపల కోసం ఒంటిచేత్తో తవ్వింది. ఒకటి. మూడు. తొమ్మిది. పద్నాలుగు దగ్గర ఆగిపోయాయి. మళ్లీ తవ్వింది. పద్నాలుగే.

వెనక నుంచి తల్లి చెయ్యి చాచింది. "ఇదేనా? పొద్దున్నుంచీ నా స్వెట్టర్ జేబులో ఉంది."

పదిహేనోది.

కూతురు మట్టిలోనే కూలబడింది. పిల్లకేం కాలేదని, అంబులెన్స్ అక్కర్లేదని ఫోన్‌లో చెప్పింది.

"ఇవి పాతానని నాకు గుర్తే లేదమ్మా," అంది తల్లి. "చేతులకి మట్టి ఎందుకంటిందో తెలీలేదు. నిన్నడిగితే బెంగపడతావని ఊరుకున్నా."

ఇన్నాళ్లూ అమ్మ మరిచిపోతోందనే తప్ప, అమ్మ భయపడుతోందని కూతురికి తట్టలేదు. విషాన్ని వంటింట్లో పెట్టింది కూడా తనే.

"తప్పు నాదమ్మా. నోటికొచ్చినట్టు అన్నాను. నాకూ భయంగానే ఉంది."

తల్లి పక్కన చతికిలబడి, వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చింది. "ఇంత లోతు చాలు. రేపు మళ్లీ ఇదేంటని అడుగుతానేమో."

"అడుగమ్మా. ఎన్నిసార్లయినా చెప్తాను."