సమ్మయ్య బిగించిన బోర్డులు

తెల్లవారి ఆరు గంటలకే సమ్మయ్య చొక్కా తొడుక్కుని భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు. జంపక్క పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, అతని చొక్కా గుండీలు ఒక్కొక్కటే పెట్టింది. ఆరు నెలలుగా రోజూ ఇదే తంతు. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట అనుకోరు. కోడలు శ్యామల చూడకముందే ఆ పని అయిపోవాలి, అంతే.

సమ్మయ్య దుమ్ముగూడెం చుట్టుపక్కల ఊళ్ళకు కరెంటు మనిషి. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు వైరింగు చేస్తున్నాడు. అడవి పక్క గూడేల్లో సగం ఇళ్ళకు మొదటి బల్బు వెలిగించింది ఆయనే. ఆ సంగతి ఆయన మర్చిపోడు, ఎవరినీ మర్చిపోనివ్వడు. మంచివాడే కానీ కోపం ముక్కు మీదుంటుంది. పనికి వంక పెడితే ఇక ఆ పూట అన్నం కూడా ముట్టడు.

గుండీలు పెట్టించుకుని ఆయన టీ కొట్టుకు వెళ్ళాడు. కొడుకు రాంబాబు పత్తి లారీ తోలుకుని ఖమ్మం పోయాడు, రేపటికి గాని రాడు. ముందు గదిలో శ్యామల తను కుట్టిన బడి పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తోంది. మహిళా సంఘం వాళ్ళు ఇచ్చిన పని అది. శనివారానికి నూటఇరవై జతలు అప్పజెప్పాలి.

జంపక్కకు ఎక్కడి నుంచో ఎండుచేపల వాసన వచ్చింది. ఇంట్లో ఎండుచేపలు అయిపోయి పది రోజులైంది. పిల్లి గాని తెచ్చి పడేసిందేమోనని గంపల వెనకా, మంచం కిందా వెతికింది. ఇంతలో ముందు గదిలో చిటపటమని చప్పుడైంది.

"అత్తా, దగ్గరికి రాకు" అంటూ శ్యామల వరండాలోకి పరుగెత్తి మెయిన్ ఆపేసింది.

జంపక్క లోపలికి తొంగి చూసింది. స్విచ్‌బోర్డు మూల కరిగి కిందికి జారింది. ఆ ఎండుచేపల వాసన కాలిన బోర్డుదే. గోడ మీద మూరెడు మేర మసి. పక్కనే మడతపెట్టిన యూనిఫాంల దొంతర. ఇంకో నిమిషం ఆగితే ఆ బట్టలన్నీ అంటుకునేవి.

సంగతి తెలిసి సమ్మయ్య సగం టీ వదిలేసి వచ్చాడు. బోర్డు వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు.

"ఎన్నిసార్లు చెప్పిన నీకు? ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను మోటరు, అన్నీ ఒక్క బోర్డుకే పెడితే కాలక ఏమైతది?"

"ఇస్త్రీపెట్టె ఒక్కటే పెట్టిన మామా. మిషను నిన్ననే ఆపిన."

"అంటే నేను చేసిన పని మంచిగ లేదంటవు, గంతేనా?"

"నేనట్ల అనలే మామా."

"ఇంకెట్లంటరు? దసరాకు కట్టిన గది ఇది. కొత్త బోర్డు, కొత్త వైరు. నా చేత్తోటి పెట్టిన."

శ్యామల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అత్త తన వైపు ఒక మాట అంటుందేమోనని చూసింది. జంపక్కకు ఇల్లు నిమ్మళంగా ఉంటే చాలు. "ఊకో బిడ్డా, పెద్దాయన చెప్తుండు గదా. ఇయ్యాల్టి సంది ఇస్త్రీపెట్టె బంద్ జెయ్" అంది.

"బంద్ జేస్తే పని ఇంకొకరికిస్తరు అత్తా. సరే, మా అక్క ఇంటికి భద్రాచలం పోత. ఆడనే కుట్టుకుంట." శ్యామల బట్టలు మూట కడుతూ గొంతు తగ్గించింది. "కాని ఒక్క మాట. మెయిన్ నేనే ఆపిన గదా. ఫ్యూజు పోనేలేదు."

ఆ మాటకు జంపక్క చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది.

ముప్పై ఏళ్ళుగా అన్నం ముందు కూర్చుని మొగుడు చెప్పే కరెంటు ముచ్చట్లు విన్న మనిషి ఆమె. లోడు ఎక్కువైతే ఫ్యూజు పోతుంది. అదే వైరు వదులుగా ఉంటే ఫ్యూజుకు తెలియదు, ఆ వదులు దగ్గరే వేడెక్కి వేడెక్కి చివరికి అంటుకుంటుంది. ఎవరింట్లో బోర్డు కాలినా సమ్మయ్య మొదట అడిగేది ఫ్యూజు సంగతే. ఈ రోజు ఆ మాట ఆయన అడగలేదు.

వంటింట్లో పెళ్ళయిన కొత్తలో పెట్టిన బోర్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. దసరాకు పెట్టిన బోర్డు కాలిపోయింది. సమ్మయ్య వేళ్ళకు గుండీలు పట్టకుండా పోయింది ఆరు నెలల నుంచి.

"శ్యామలా, మూట పక్కన పెట్టు. స్క్రూడ్రైవర్ తే."

"ఆడోళ్ళు బోర్డు విప్పుడేంది?" అన్నాడు సమ్మయ్య. ఆమె ఆగలేదు. మెయిన్ ఆపి ఉందో లేదో మళ్ళీ చూసుకుని, కాలిన బోర్డు వదిలేసి, అదే గదిలో తలుపు పక్కనున్న రెండో బోర్డు విప్పించింది. అది కూడా దసరాకు పెట్టిందే. శ్యామల లోపల వైరు పట్టి ఉంచే స్క్రూ మీద స్క్రూడ్రైవర్ ఆనించగానే అది గిర్రున తిరిగింది. రెండు చుట్లు తిరిగాక గాని బిగియలేదు. పక్క స్క్రూ కూడా అంతే.

"చూసినవా?" అంది జంపక్క. పెళ్ళయినప్పటి నుంచి మొగుడి పనికి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదామె. "గుండీ పట్టరాని చేతికి స్క్రూ ఏడ బిగుస్తదయ్యా?"

సమ్మయ్య గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. తిట్టలేదు. అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"బిగిసిందనే అనుకున్ననే. వేళ్ళకు స్పర్శ తెలుస్తలేదు. షుగరేమో అనుకున్న. చెప్తే పని బంద్ చేపిస్తరని భయమయింది."

"నాకు తెలిసి గూడ దాచిన. నీ పరువు కాపాడుతున్న అనుకున్న" అంటూ జంపక్క కోడలి వైపు తిరిగింది. "కాలితే నిన్నే అన్న. తప్పు నాది బిడ్డా."

శ్యామల కొంగుతో ముఖం తుడుచుకుంది.

"దసరా ముంగటి సంది ఇంకెన్నిళ్ళు చేసినవు?" అడిగింది జంపక్క.

"ఐదు." ఆ మాట అంటూనే సమ్మయ్య తలెత్తాడు. "పోతయ్యింట్ల పత్తి పోసిండ్రు."

పోతయ్యది పక్క గూడెం. పత్తికి రేటు పెరిగేదాకా అమ్మనని ఇంట్లోనే నింపి పెట్టుకున్నాడు. చలికి ఆయన మనవలు ఆ పత్తి మీదే పడుకుంటున్నారు.

"పోదాం లే" అంది జంపక్క.

"పోయి ఏమని చెప్పాలె? ఇంక నన్ను ఎవరు పిలుస్తరు?"

"పిలవకపోతే మానె. ఆ పిల్లలకేమన్నయితే మనం బతుకుతమా?"

శ్యామల అప్పటికే పనిముట్ల సంచి భుజాన వేసుకుని గుమ్మం దిగింది.

టేకు చెట్ల మధ్య దారిలో ముగ్గురూ గబగబా నడిచారు. తీరా అక్కడికెళ్ళాక సమ్మయ్య నిజం దాచి, ఊరికే చూసిపోదామని వచ్చానంటాడేమోనని జంపక్కకు భయం. పోతయ్య వాకిట్లో పళ్ళు తోముకుంటున్నాడు. ఇద్దరాడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన సమ్మయ్యను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏంది బావా, గింత పొద్దున్నే?"

సమ్మయ్య అరచేతులు చాపి చూపించాడు. అప్పుడు చెప్పాడు. "నా వేళ్ళల్ల పట్టు పోయింది బావా. నీ ఇంట్ల నేను బిగించినయన్నీ వదులుగ ఉండొచ్చు. ముందుగాల మెయిన్ ఆపు. పిల్లల్ని బయటికి తీస్కరా."

పోతయ్య మెయిన్ ఆపి లోపలికి పరుగెత్తాడు. నిద్రమత్తులో ఉన్న ఇద్దరు పిల్లల్ని చెరో చంకన ఎత్తుకొచ్చాడు. నలుగురూ కలిసి గోడ పక్క పత్తి వెనక్కి లాగితే గాని బోర్డు కనపడలేదు. శ్యామల మూత విప్పింది. లోపల వైరు కొస నల్లగా మాడి ఉంది. మూతకు అంటుకున్న పత్తి గోధుమ రంగుకు తిరిగింది.

పోతయ్య భార్య చిన్నపిల్లను గుండెకు హత్తుకుంది. సమ్మయ్య ఆ పత్తి మీదే కూలబడి, ఊరంతా వినపడేలా ఏడ్చాడు. జంపక్క ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఇంతమందిలో ఆయన అలా ఏడవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

కాసేపటికి ఆయనే కళ్ళు తుడుచుకుని లేచాడు. మాడిన కొస ఎంత మేర కోయాలో, సంచిలోంచి తీసిన కొత్త సాకెట్‌లో ఏ వైరు ఎక్కడ పెట్టాలో దగ్గరుండి చెప్పాడు. శ్యామల చేసింది. ప్రతి స్క్రూ బిగించాక వైరు పట్టుకుని లాగి చూడమన్నాడు.

పోతయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఇంకెన్నిళ్ళు బావా?"

"నాలుగు."

"పా, నేను గూడ వస్త. పొద్దుగాల్నే కరెంటు ఆపమంటే మనోళ్ళు ఊకె వింటరా?"

రెండో ఇల్లు సీతయ్యది. అక్కడ జంపక్క భయపడాల్సిన పని లేకపోయింది. సమ్మయ్యే ముందు నడిచి, తన చేతుల సంగతి తానే చెప్పాడు. సీతయ్య అనుమానంగా శ్యామలను చూశాడు.

"మరి ఈ పిల్ల బిగిస్తదా?"

"అవ్, మా కోడలు. పొద్దున నా ఇల్లు కాలకుండ కాపాడింది. నేనేమో దాన్నే తిట్టిన" అన్నాడు సమ్మయ్య. తర్వాత ఆమె వైపు తిరిగి, నలుగురి ముందూ మెల్లగా అడిగాడు. "భద్రాచలం పోకు బిడ్డా. పోతవా?"

శ్యామల తల అడ్డంగా ఊపింది. మూత విప్పబోతే కంటి నిండా నీళ్ళకు స్క్రూ కనపడలేదు. జంపక్క దగ్గరికెళ్ళి, తన కొంగుతో కోడలి కళ్ళు తుడిచింది.