కంప తీసిందెవరు?

శ్రీశైలం తన పెరట్లో పెట్టిన బీర గింజలన్నీ పక్కింటి బుచ్చన్న కుక్క తవ్వి తినేసింది. ఇందులో అనుమానం లేదు. దాని మూతికి ఇంకా మట్టి ఉంది.

గోడ అవతల బుచ్చన్న కూతురు జయశ్రీ బట్టలు ఆరేస్తోంది.

“మీ టైగర్‌ను కట్టేసుకోండ్రి!” అన్నాడు శ్రీశైలం.

“గుంతలల్ల ఏమేసినవ్?”

“పల్లి చెక్క. ఎరువుకు అందరు ఏసేదే గద.”

“పల్లి చెక్క పెట్టి దావత్‌కు పిలిచినవ్. వచ్చినంక తిడుతున్నవ్. చెక్క బంద్ చెయ్యి, పెంట ఎరువు పోయ్. మీద తుమ్మ కంప కప్పు.”

ఆమె నవ్వింది. అతనికి ఒళ్లు మండింది. అన్నం తింటుంటే మళ్లీ ఆ నవ్వే గుర్తొచ్చింది. ఎందుకో అర్థం కాలేదు.

మళ్లీ గింజలు పెట్టి, ఆమె చెప్పినట్టే చేశాడు. మర్నాడు పొద్దున చూస్తే గుంతలు మళ్లీ తవ్వి ఉన్నాయి. కంప మాత్రం గోడకు చక్కగా ఆనించి ఉంది. మట్టి పల్లి చెక్క వాసన కొడుతోంది. ఈసారి అతను పిడికెడు కూడా వేయలేదు.

“మీ కుక్కకు చేతులున్నయా?”

“టైగర్ గద, మస్తు తెలివి.”

రోజూ ఇదే కొట్లాట. అతనికి పిచ్చెక్కింది. కోపమో, మరింకేదో తేల్చుకోలేకపోయాడు.

“వనపర్తోళ్లు ఆదివారం జయశ్రీని చూడనీకె వస్తుండ్రంట” అంది తల్లి ఈదమ్మ. అతను సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు తెల్లారేసరికి తుంపర పడుతోంది. పెరట్లోకి వచ్చాడు. జయశ్రీ కంప ఎత్తుతోంది. కొంగులో పల్లి చెక్క. వేలికి ముల్లు గుచ్చుకుని రక్తం. పక్కన టైగర్ తోక ఊపుతోంది.

“నువ్వా! ఎందుకు జయశ్రీ?”

“కొట్లాటకైన గోడ కాడికి వస్తవని. లేకుంటే తలెత్తి చూస్తవా? ఆదివారం దాటితే నేను ఈడ ఉంటనో లేదో. ఇగ నీ ఇష్టం.”

అతను వానలోనే బుచ్చన్న ఇంటికి నడిచాడు.

“గింజల పంచాయితీకి వచ్చినవా?”

“కాదు మామా. జయశ్రీని నాకిస్తవా?”

బుచ్చన్న కూతురి వైపు చూశాడు. ఆమె వద్దనలేదు. వెంటనే ఫోన్ తీసి వనపర్తి వాళ్లను రావద్దన్నాడు.

“అన్నట్టు, దినాం కంప ఎవరు తీస్తుండ్రో తేలిందా?”

జయశ్రీ గుడ్డ చుట్టిన వేలు వెనక్కి దాచుకుంది.

“ఆ ముచ్చట ఎన్నడూ అడగకు మామా. నేను చెప్ప.”

పెళ్లయింది. ఈదమ్మ అడిగింది, ఊరు అడిగింది. అతను నోరు విప్పలేదు. విప్పడు.